పిల్లలు చదివిందాని గురించి ఏం రాయించాలి? ఒకే చేప కథతో నాలుగు రకాలు చేసి చూశాక

మొన్న సంత రోజు ఒకావిడ నన్ను రోడ్డు మీదే ఆపేసింది. మా గుంటడు పుస్తకాలైతే తెగ చదువుతున్నాడు టీచరక్కా, ఏటి చదివేవురా అంటే బాగుంది అంటాడు, అంతే, ఇంకో ముక్క రాదు, ఏదైనా రాయిస్తే మంచిదంటున్నారు కదా, ఏటి రాయించమంటావ్, డైరీయా, ప్రశ్నలా, సారాంశమా అని. చేతిలో కూరల సంచీ, వెనకాల ఆటో హారన్ కొడుతున్నాడు, అక్కడ నిలబడి ఏం చెప్తాను. తీరిగ్గా రాస్తానన్నాను, ఇదిగో రాస్తున్నా, ఆవిడ ఒక్కర్తే కాదు, ఇలా అడిగిన వాళ్ళు ఇంకా ఉన్నారు.

ముందు మా సంగతి చెప్పాలి, లేకపోతే నేను చెప్పేది మీకు పనికొస్తుందో లేదో తెలీదు. మాది గుణుపురం, ఒడిశాలో రాయగడ జిల్లా, వంశధార ఒడ్డు. సాయంత్రం మా వరండాలో పదకొండు మంది పిల్లలు కూర్చుని కథలు చదువుతారు, రెండో క్లాసు నుంచి ఏడో క్లాసు దాకా ఉన్నారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీష్ మీడియం, సంతలో సవర గిరిజనుల మాటలు కూడా చెవిన పడతాయి, తెలుగు అక్షరాలు మాత్రం ఇంట్లోనో నా దగ్గరో నేర్చుకున్నవే. హైదరాబాద్ వాళ్ళు రాసే పేరెంటింగ్ సలహాలు మాకు సగమే అతుకుతాయి, ఎందుకంటే అక్కడ పిల్లాడికి ఏం రాయాలి అన్నదే సమస్య, ఇక్కడ ఏ భాషలో రాయాలి అన్నది కూడా సమస్యే.

ఏది మంచిదో ఊరికే మాటల్లో చెప్తే తేలదు కాబట్టి ఒకే కథ, ఒకే పిల్లని పట్టుకుని చెప్తాను. కథ మీ అందరికీ తెలిసిందే, ఏడు చేపల కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండేస్తే ఒకటి ఎండలేదు, చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది అంది, గడ్డిమోపు ఆవు మీద చెప్పింది, ఆవు పాలేరు మీద చెప్పింది, అలా అలా చీమ దాకా. పిల్ల నాలుగో క్లాసు, వాళ్ళ అమ్మమ్మ సంతలో ఎండు చేపలు అమ్ముతుంది. ఈ రెండో ముక్క గుర్తు పెట్టుకోండి.

మొదట బడి పద్ధతే పెట్టాను, నాకూ అదే వచ్చు మరి. కథ కింద ఐదు ప్రశ్నలు, ఆఖర్న నీతి. చేప ఎందుకు ఎండలేదు, గడ్డిమోపు అడ్డం వచ్చింది. ఆవు ఎందుకు మేయలేదు, పాలేరు మేపలేదు. అన్నీ కరెక్టే, టిక్కులే టిక్కులు. చివర్న ఈ కథలో నీతి ఏమి అంటే ఏం రాసిందో తెలుసా, అబద్ధము ఆడరాదు. ఆ కథలో అబద్ధం ఆడిందెవరే అంటే బిక్కమొహం వేసి నిలబడింది, తర్వాత మెల్లిగా చెప్పింది, ఏ కథకైనా అది రాస్తే మార్కు వేసేస్తారక్కా అని. నవ్వొచ్చింది గానీ తప్పు తనది కాదు కదా. ప్రశ్న నాది, జవాబు పుస్తకంలో ఉంది, మధ్యలో పిల్ల పని ఎత్తి రాయడం ఒక్కటే. ప్రశ్నల పద్ధతి పూర్తిగా దండగ అనను, పేజీ చదివాడా లేదా తెలుసుకోడానికి ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అంతవరకే వాడండి.

రెండోది సారాంశం. దీని మీద నాకు మొదట్లో చిన్నచూపు ఉండేది, పరీక్షల సరుకు అనుకునేదాన్ని. కథంతా నీ మాటల్లో రాయి అన్నాను, రెండు పేజీలు రాసింది, ప్రతి డైలాగూ దించేసింది. కాదు, ఐదు వాక్యాల్లోనే రాయాలి అన్నాను. అరగంట పెన్సిల్ నమిలింది. తర్వాత ఏం చేసిందో చూసి నేనే ఆశ్చర్యపోయా, కథని తిరగేసింది. పిల్లాడు చీమల పుట్టలో వేలు పెట్టాడు, చీమ కుట్టింది, పిల్లాడు ఏడ్చాడు కాబట్టి అవ్వ పాలేరుకి అన్నం పెట్టలేదు, కాబట్టి ఆవు మేయలేదు, గడ్డి మిగిలిపోయి చేపకి ఎండ తగల్లేదు. కథ చెప్పేటప్పుడు చేప నుంచి చీమకి వెళ్తాం, జరిగింది మాత్రం చీమ నుంచి చేపకి. ఇన్నేళ్ళుగా ఆ కథ చెప్తున్నా గానీ నాకెప్పుడూ తట్టలేదది. ఐదు వాక్యాలు అని గిరి గీయబట్టే తనకి తట్టింది, గిరి లేకపోతే కాపీయే.

అందుకని సారాంశం కావాలనుకునేవాళ్ళు వాక్యాల లెక్క తప్పకుండా పెట్టండి, కథ పుస్తకం మూయించి రాయించండి. సైన్సు, సోషల్ లాంటి బడి పాఠాలకైతే ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనపడలేదు. ఒడియా పాఠానికి ఒడియాలోనే రాయనివ్వండి, దాన్ని తెలుగులో రాయమని మళ్ళీ ఇంకో బరువు పెట్టకండి.

మూడోది రెండు గళ్ళ నోట్‌బుక్. పేజీకి నడిమధ్యన ఒక గీత, ఎడం పక్క కథలోంచి నచ్చిన మాటో, అర్థం కాని మాటో, కోపం తెప్పించిన మాటో ఒక్కటి ఎత్తి రాయాలి, కుడి పక్క దానికి తన మాట. అదే పిల్ల, అదే కథ, ఎడం పక్క గడ్డిమోపు అడ్డమొచ్చింది అని రాసింది. కుడి పక్క రాసింది ఉన్నదున్నట్టు దించుతున్నా: "మా అమ్మమ్మ చేపలు ఎండేస్తే మద్దేనం ఒకపాలి తిరగేస్తాది. ఈళ్ళు తిరగెయ్యలేదు. గడ్డి మీద పెట్టీసి తప్పు చేప మీద ఏస్తన్నారు."

నీతి అడిగితే అబద్ధము ఆడరాదు అన్న పిల్లే ఇది. నేను రాజుగారి కొడుకుల్ని ఎప్పుడూ తప్పు పట్టలేదు, మీరు పట్టారా? చేప ఎండేయడం తెలిసిన ఇంటి పిల్ల కాబట్టి తనకి కనపడింది. ఐదు ప్రశ్నల్లో దీనికి చోటు ఎక్కడుంది చెప్పండి. 1938లో లూయీజ్ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా ప్రొఫెసరమ్మ చెప్పిన మాట ఇదే, అర్థం పుస్తకంలోనే కూర్చుని ఉండదు, చదివేవాడి బతుకూ ఆ పుస్తకమూ కలిసిన చోట పుడుతుంది అని. ఆవిడ ఎండు చేపల ఊసు ఎత్తలేదు గానీ మాకు అర్థమైంది మాత్రం ఎండు చేపలతోనే.

ఈ రెండు గళ్ళ పద్ధతికి ఒక చిక్కుంది, మొదటి వారం కుడి పక్క అందరూ బాగుంది, చాలా బాగుంది, నాకు నచ్చింది అనే రాస్తారు. తిట్టకండి. బాగుంది అన్న మాటని నిషేధించండి, అంతే. మా వరండాలో ఆ మాట రాస్తే ఒక గుంజీ. నవ్వుకుంటూ తీస్తారు, పదో రోజుకి ఆ మాట మాయమైంది. మీకు పిల్లలు ఎక్కువమంది ఉంటే, అంటే ముప్పై నలభై మంది క్లాసయితే, నా ఓటు దీనికే. రోజూ అన్నీ చదవక్కర్లేదు, ఐదు నోట్‌బుక్కులు తీసి పైకి చదివితే మిగతావాళ్ళు ఆ ధోరణిలో రాస్తారు.

ఇంక నాలుగోది, నాకు బాగా ఇష్టమైంది, బాగా అలుపొచ్చేది కూడా. ఉత్తరాల నోట్‌బుక్. పిల్ల చదివిన కథ గురించి మీకు ఉత్తరం రాస్తుంది, మీరు అదే పేజీ కింద జవాబు రాస్తారు, మర్నాడు మళ్ళీ తను. ఇది నేను కనిపెట్టింది కాదు, అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో లెస్లీ రీడ్ అని ఒక ఆరో క్లాసు టీచరమ్మ తన పిల్లలతో ఇలాగే నోట్‌బుక్కులో మాటలు నడిపేది, జానా స్టేటన్ అనే ఆవిడ దాని మీద పరిశోధన చేసింది, తర్వాత ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకి, చెవిటి పిల్లలకి కూడా వాడారు. రూలు ఒక్కటే, తప్పులు దిద్దకూడదు, మాటకి మాట జవాబివ్వాలి.

తప్పులు దిద్దకపోతే ఎలా అని మా ఆయన కూడా గొడవపడ్డాడు. ఎలాగో చూడండి. ఒడియా మీడియం పిల్లలకి క అనే అక్షరం నోట్లో దాదాపు కొ లాగా పలుకుతుంది, ఒడియాలో గుణింతం గుర్తు ఏమీ లేని హల్లుకి అలాంటి ధ్వనే ఉంటుంది మరి. దాంతో ఈ పిల్ల ఏడుగురు కడుకులు అని రాసింది. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంటే మర్నాటి నుంచి కొడుకులు అనే మాట వచ్చే వాక్యమే రాయడం మానేసేది, పిల్లలు అలాగే చేస్తారు, తప్పు వచ్చే చోటుకి పోరు. నేను చుట్టలేదు, జవాబులో "ఆ కొడుకులు నిజంగానే బద్ధకస్తులే, కొడుకులకి ఎండేయడం కూడా రాదా" అని రెండు సార్లు కావాలనే రాశాను. వారంలో తనే కొడుకులు అని రాసింది. అందరికీ వారంలో రాదు, ఒకడు మూడు నెలలైనా ఇంకా కడుకు దగ్గరే ఉన్నాడు, ఉండనీ.

ఆ పిల్ల ఉత్తరం సంగతి చెప్పాలి కదా. రాసింది: "అక్కా, అందరూ పక్కోల మీద చెప్పేసి తప్పుకున్నారు. చీమ ఆకర్న ఉంది గాబట్టి దొరికిపోనాది. చీమ ఇంట్లో ఏలు పెడితే అది మాత్రం ఏటి సేస్తాది." నేను కింద రాశాను, మా ఇంట్లోనూ అంతే, ఏది పోయినా ఆఖర్న ఎవరుంటే వాళ్ళ మీదే పడేది, మీ ఇంట్లో చీమ ఎవరు అని. మర్నాడు నోట్‌బుక్ తెరిస్తే పేజీ మొత్తం మీద ఒకటే లైను. "మా ఇంట్లో నానే."

నలుగురు అన్నదమ్ముల తర్వాత పుట్టిన పిల్ల. దానికి నేను ఏం జవాబు రాశానో ఇక్కడ చెప్పను, నోట్‌బుక్ మా ఇద్దరిదీ.

కాబట్టి ఈ పద్ధతి పెట్టేముందు ఆలోచించుకోండి, పిల్ల నిజంగా రాస్తే నిజంగా చదివే ఓపిక మీకుండాలి. పదకొండు మందికీ రోజూ జవాబులు రాస్తే నాకు గంటన్నర పట్టేది, అన్నం మాడిపోయిన రోజులున్నాయి. ఇప్పుడు రోజుకి ముగ్గురు, వంతులేశాను. జవాబు రెండు రోజులు ఆగినా ఫర్వాలేదు గానీ గుడ్, వెరీగుడ్ అని రాసి సంతకం పెట్టారంటే మాత్రం మూడో రోజుకి అది హోంవర్కు అయిపోతుంది. ఒకరిద్దరు పిల్లలున్న ఇంటికైతే ఇంకో ఆలోచనే వద్దు, ఇదే పెట్టండి. నాన్న విశాఖలోనో హైదరాబాద్‌లోనో పనికెళ్ళిన ఇళ్ళు మా వీధిలో చాలా ఉన్నాయి, వాళ్ళు పేజీని ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుతారు, నాన్న రాత్రి డ్యూటీ దిగాక వాయిస్ మెసేజ్ పెడతాడు, పిల్లాడు అది విని రెండు ముక్కలు పేజీ కింద రాసుకుంటాడు.

భాష గురించి ఒక మాట అనకుండా ముందుకి పోలేను. సేస్తాది, పోనాది, ఈళ్ళు అని పిల్లలు రాస్తుంటే చూసిన చుట్టాలు ఇదేం తెలుగు అంటారు. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను పర్లాకిమిడి వైపు చూపిస్తాను. మన పక్కూరే కదా, గిడుగు రామమూర్తి గారు మేష్టారుగా చేసింది అక్కడే, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలి చదవాలి అని పోరాడింది అక్కణ్ణించే, సవరల మాట నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చిన మనిషి. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు ఊరొదిలి రాజమండ్రి వెళ్ళిపోయారాయన. ఆగస్టు 29న ఆయన పుట్టినరోజుకి తెలుగు భాషా దినోత్సవం అని దండలేసి, ఇంట్లో పిల్ల పోనాది అని రాస్తే మొట్టికాయ వేయడం ఎంతవరకు సబబో మీరే చెప్పండి. బడి పరీక్షకి బడి భాష, ఉత్తరానికి ఇంటి భాష, పిల్లలకి ఆ తేడా మనకంటే తొందరగానే తెలుస్తుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. రీడింగ్ లాగ్, అంటే ఈరోజు పన్నెండు పేజీలు చదివాను, నాలుగు స్టార్లు, తల్లిదండ్రుల సంతకం, ఇది నాకు అస్సలు గిట్టదు, వారం సంతకాలన్నీ ఆదివారం పొద్దున్న ఒకేసారి పెట్టించుకుంటారు. ముగింపు మార్చి రాయడం సరదాగానే ఉంటుంది గానీ మావాళ్ళు రాసిన ముగింపులన్నిట్లోనూ ఎవరో ఫోన్ చేస్తారు, పోలీసులు వస్తారు, అందరూ ఐస్‌క్రీమ్ తింటారు, కథకీ దానికీ చుట్టరికం ఉండదు, నెలకొకసారి చాలు. రెండో క్లాసు లోపు పిల్లలకి బొమ్మ వేయించి, దాని గురించి వాళ్ళు చెప్పింది మీరే బొమ్మ కింద ఒక లైను రాసి, దాన్ని వాళ్ళచేత వేలు పెట్టి చదివించండి, అంతకుమించి ఇబ్బంది పెట్టొద్దు.

కానీ ఒకటి మాత్రం ఆగి చెప్పాలి, బేతాళ ప్రశ్న. చందమామ చదివి పెరిగినవాళ్ళకి చెప్పక్కర్లేదు, 1947 జూలైలో తెలుగులో మొదలైన ఆ పత్రిక ఒడియాలో జహ్నమాము పేరుతో మా పక్కింటి వాళ్ళకీ వచ్చేది. బేతాళుడు కథంతా చెప్పి చివర్న ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుంది అంటాడు. చూశారా, చదివినవాడు ఏదో ఒకటి అనాలి అని మన కథల్లోనే ఎప్పుడో పెట్టేశారు. నేనేం చేస్తానంటే కథ చివరి పేజీకి ముందు ఆపేసి పుస్తకం మూసేస్తాను, ఇప్పుడు తప్పెవరిది, నువ్వైతే ఏం చేస్తావు, ఎందుకు, మూడు లైన్లు రాయి, రాసినవాళ్ళకే చివరి పేజీ. ఆ ఎందుకు అన్నది వదలకూడదు, అదే అసలు సరుకు. ఇందులో గొప్ప సుఖమేంటంటే తప్పు జవాబు ఉండదు, ఇద్దరు పిల్లలు రెండు రకాలుగా రాస్తే వాళ్ళిద్దరికీ వాదన పెట్టి మనం టీ పెట్టుకోవచ్చు. రాయడం అంటే పారిపోయే మగపిల్లలు, అంటే మా ఏడో క్లాసు బ్యాచ్, దీనికి ఒక్కదానికే లొంగారు.

లెక్కలు కావాలనే వాళ్ళ కోసం, 2010లో స్టీవ్ గ్రాహం, మైకేల్ హెబర్ట్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూశారు, చదివిందాని గురించి రాస్తే అర్థం చేసుకోవడం ఎంత మెరుగైంది అని. తన స్పందనో విశ్లేషణో రాసిన పిల్లలకి 0.77 వచ్చింది, సారాంశానికి 0.52, నోట్సుకి 0.47, ప్రశ్నలకి జవాబులు రాయడానికి 0.27. పెద్ద నంబరు అంటే ఎక్కువ లాభం అని, అంతే అర్థం చేసుకోండి. నాకు అందులో నచ్చింది, ప్రశ్నలూ జవాబులూ ఆఖర్న ఉన్నా సున్నా కాదు, సారాంశం నేను అనుకున్నంత చెత్త కాదు. అది అక్కడి పిల్లల లెక్క, మా వరండా లెక్క వేరే ఉండొచ్చు, అయినా వరస మాత్రం నా నోట్‌బుక్కుల్లో కనపడిన వరసే.

కథలు ఎక్కడ దొరుకుతాయి అని కూడా అడుగుతున్నారు. మా దగ్గర తెలుగు పిల్లల పుస్తకాలు కొనడం కష్టమే, ఎవరైనా శ్రీకాకుళమో విజయనగరమో వెళ్తే తెప్పించుకోవడమే. ఫోన్‌లో ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది, డబ్బులక్కర్లేదు, చాలా కథలు తెలుగులోనూ ఒడియాలోనూ రెండింట్లోనూ దొరుకుతాయి. ఎడం గడిలో ఒడియా వాక్యం, కుడి గడిలో తెలుగు మాట, ఇలా కలిపి రాయించండి, రెండు భాషల పిల్లలకి ఇది లాభమే గానీ బరువు కాదు.

అయితే సంతలో ఆపిన ఆవిడ మళ్ళీ కలిసినప్పుడు ఏం చెప్పాను అంటే, మీ ఒక్కడే కదా, ఇరవై రూపాయల నోట్‌బుక్ ఒకటి కొని ఉత్తరాలు మొదలెట్టమ్మా అన్నాను. వాడు రాస్తే నువ్వు కింద రాయి. ఆవిడ మొహం చిన్నబుచ్చుకుని, నాకు తెలుగు రాయడం రాదక్కా, ఐదో క్లాసు దాకా ఒడియాలో చదివేను అంది. ఒడియాలోనే రాయి, వాడికి ఒడియా బళ్ళోనే నేర్పుతున్నారు కదా అన్నాను. తప్పులొస్తాయేమో, వాడు నవ్వుతాడేమో అంది. నవ్వనీ అన్నాను.

నిన్న సాయంత్రం ఆ గుంటడు నోట్‌బుక్ పట్టుకొచ్చి దూరం నుంచే తెరిచి చూపించాడు. పైన పెన్సిల్‌తో తెలుగు, కింద నీలం పెన్నుతో పెద్ద పెద్ద ఒడియా అక్షరాలు, దాని కింద మళ్ళీ తెలుగు. ఏదీ ఇలా తే అని చెయ్యి చాపితే ఠక్కున మూసేసి చంకలో పెట్టుకున్నాడు.